దారిపై మజిలీ

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు కురియుగాక!

ధర్మసోదరులారా!

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ప్రయాణ మర్యాదలు బోధిస్తూ దైవప్రవక్త (స), రాత్రివేళ విశ్రాంతికై ఆగవలసి వస్తే దారిని విడిచి తొలగి ఆగమని ఆదేశించారు. రాత్రిపూట దారి జంతువులు తిరిగే చోటనీ, పురుగూ పుట్రా చేరే చోటనీ కారణం కూడా తెలిపారు. ఒంటెలపై ఎడారిలో సాగిన బాటసారులకు చెప్పిన మాట ఇది. ఆనాడు దారిపై ఆగినవానికే ప్రమాదం. నేడు ఆగినవాని వల్ల వెనుక వచ్చేవారికి ప్రమాదం.

మన ప్రాంతం మీదుగా రెండు పెద్ద రహదారులు సాగుతున్నాయి. విజయవాడకు పోయే 65వ నంబరు రహదారి చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. బెంగళూరుకు పోయే 44వ నంబరు రహదారి జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వద్ద కృష్ణానదిని చేరుతుంది. రాత్రి ఈ దారుల్లో ప్రయాణించిన వారెవరైనా ఆ దృశ్యాన్ని చూసే ఉంటారు. టైరు పంక్చరైన ట్రైలర్ లారీ ఒకటి రోడ్డు అంచున సగం లోపలికే ఆగి ఉంటుంది. వెనుక దీపం వెలగదు. ఎర్రని రిఫ్లెక్టర్ పట్టీ ఉన్నా దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. హెచ్చరికగా ఒక చెట్టుకొమ్మ, నాలుగు రాళ్లు. అంతే! గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు సాగిపోతుంది. 50 మీటర్ల దూరంలో ఆ లారీ కంటబడినా, ఆలోచించడానికీ బ్రేకు వేయడానికీ కలిపి ఇంచుమించు రెండు సెకన్ల వ్యవధే ఉంటుంది. ఇక లారీ కదిలిపోయిన తరువాత ఆ రాళ్ల గతి ఏమిటి? వాటిని అక్కడే వదిలి వెళ్లేవారు ఎందరో! దారి నుండి హాని కలిగించేదాన్ని తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (స) తెలిపారు. ముళ్లకొమ్మను తొలగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని కూడా తెలిపారు. మరి రాళ్లను తానే తెచ్చి పెట్టి వదిలి వెళ్లేవాడు ఏ కోవకు చెందుతాడు?

ట్రైలర్ లారీ సంగతి మరింత జాగ్రత్తగా ఆలోచించవలసినది. దాని ముందుభాగం ఒక దిక్కున ఉంటే తోక మరొక దిక్కున ఉంటుంది. మలుపులో వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలి వైపునకు కోసుకు వస్తాయి. ఆ పక్కన ఉన్న బైకు డ్రైవరుకు కనబడదు. తడి రోడ్డుపై హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక బరువు ముందుభాగాన్ని తోసివేసి, బండి మధ్యకు మడుచుకుపోతుంది. డివైడర్ సందులో మలుపు తిరుగుతున్నంతసేపూ దాని పొడవంతా రోడ్డుకు అడ్డంగా నిలుస్తుంది. పక్కభాగాన పసుపు పట్టీ లేకపోతే చీకటిలో అది కనబడనే కనబడదు.

సోదరులారా! మన హనఫీ ధర్మవేత్తలు ఈ విషయాన్ని లారీలు పుట్టకముందే చర్చించారు. ఒంటెల వరుసను ఒకదాని వెనుక ఒకటి కట్టి నడిపించేవాడు ఆ వరుసలోని ఏ ఒంటె తొక్కినా బాధ్యుడేనని ఇమామ్ ఖుదూరీ తమ గ్రంథంలో వ్రాశారు. వెనుక నుండి తోలేవాడు కూడా ఉంటే బాధ్యత ఇద్దరిదీ. నడుస్తున్న పశువు వెనుక కాలితో తన్నితే రౌతుకు బాధ్యత లేదు. కాని దాన్ని దారిలో నిలిపితే ఆ తన్నుకు కూడా అతడే బాధ్యుడు. ఎందుకంటే నడకలో ఆ తన్నును తప్పించడం అతని చేతిలో లేదు. దారిలో ఆపకుండా ఉండడం అతని చేతిలోనే ఉంది. వెనుక ట్రాలీని కట్టుకుని పోయే డ్రైవరుకూ, అతణ్ణి తోలే యజమానికీ ఇంతకంటే స్పష్టమైన మాట ఏం కావాలి?

‘ఇన్సూరెన్సు వాళ్లు చెల్లిస్తారు కదా’ అనుకునేవారు అన్నిసా సూరాలోని 92వ ఆయతును చదవాలి. పొరపాటున జరిగిన హత్యకు కూడా అక్కడ రెండు బాధ్యతలు ఉన్నాయి. మృతుని కుటుంబానికి రక్తపరిహారం ఒకటి, అల్లాహ్ సన్నిధిలో ప్రాయశ్చిత్తం మరొకటి. బానిస విముక్తి సాధ్యం కానివాడు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి. తన నిర్లక్ష్యం వల్ల ఒక ప్రాణం పోయినవాడు ముఫ్తీని సంప్రదించకుండా కాలం గడపరాదు. కంపెనీ ఇచ్చే చెక్కు ఆ ఉపవాసాలను మాఫీ చేయదు.

వరికోతల కాలంలో మన ఊళ్లలో ట్రాక్టర్ ట్రాలీల సంఖ్య పెరుగుతుంది. మిర్యాలగూడ మిల్లుల దారిలో చీకటి పడ్డాక వెనుక దీపం ఉన్న ట్రాలీని వెతుక్కోవలసిందే. చుట్టు తిరగడం దండగని ఎదురుదారిలో వచ్చేవారూ ఉన్నారు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద అలా తప్పుదారిలో వచ్చిన ట్రాక్టరును ఢీకొని సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ మరణించారు. ఆయన పేరు పత్రికలకెక్కింది, ఎక్కని పేర్లు ఎన్నో! ఇంకొక మాట. ట్రాలీని చేసింది ధాన్యం కోసం, మనుషుల కోసం కాదు. 2018 ఏప్రిల్ 6న పెద్ద అడిశర్లపల్లి మండలం వద్దిపట్ల వద్ద కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది, అదే సంవత్సరం జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పొలం పనులకు పోయే పేద స్త్రీలు.

యజమానులారా, ఇప్పుడు మీతో. నమాజులో కునుకు వస్తే నిద్ర తీరేవరకు పడుకోమని ప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అల్లాహ్ సన్నిధిలో నిలబడటాన్నే నిద్ర కోసం ఆపవచ్చునంటే, తెల్లవారేసరికి లోడు చేరాలన్న మీ ఫోను ఏపాటిది? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటల పనినే అనుమతించేది. దూరప్రయాణానికి రెండవ డ్రైవరును పంపండి. వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు, హెచ్చరిక త్రికోణం ఉన్నాయో లేదో బండి కదలకముందే మీరే చూడండి. డ్రైవర్ సోదరులారా, బండి చెడితే వీలైనంతవరకు రోడ్డు దించి ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి, త్రికోణాన్ని చాలా వెనుకగా పెట్టండి, జాతీయ రహదారులపై 1033కు ఫోను చేయండి. మసీదు ముందు కూడా బండ్లను రోడ్డుపైనే వదిలి లోపలికి వచ్చినవారు నేడు మనలో ఉన్నారు. నమాజు ముగియగానే ముందుగా వాటిని తీయండి.

‘అంతా తఖ్దీర్’ అని ఎవరైనా అంటే, ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధనను గుర్తు చేయండి.

ఓ అల్లాహ్! ఈ దారులపై ప్రాణాలు విడిచిన వారిలోని విశ్వాసులను క్షమించు. వారు విడిచి వెళ్లిన బిడ్డలకు ఆధారం చూపు. ఈ రాత్రి స్టీరింగు పట్టుకుని మేలుకొని ఉన్న ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమీన్.