యోగాభ్యాసము: ప్రదర్శనమా, దినచర్యయా?

(పఠనమందిర వార్షికోత్సవ సభయందు చదువబడిన యుపన్యాసము)



కండలను మాత్రమే పెంచు వ్యాయామ మొకటి గలదు. శరీరమును, శ్వాసను, మనస్సును నొక్క త్రాటిపై నడపు వ్యాయామము వేఱొకటి గలదు. ఈ రెండవదానిని మన పెద్దలు యోగాభ్యాసమనిరి. నేడు దానికి లోకమంతట గౌరవము లభించినది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదిని అంతర్జాతీయ యోగదినముగ ప్రకటించెను; 2015 మొదలు ఆ దినము జరుపబడుచున్నది. ఇది సంతసింపదగిన విషయమే. కాని యేటి కొకనాడు మైదానమున చాపలు పఱచి ఛాయాచిత్రములు దీయించుకొనిన మాత్రమున నొక జాతికి ఆరోగ్యము చేకూరునా? నేడు మేము మీ యెదుట నుంచదలచిన ప్రశ్న యిదియే.

ఆంధ్రులకు ఈ విద్య క్రొత్తగాదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముపై నేనుగును నిలుపుకొనుటయు, రొమ్మునకు జుట్టిన యినుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచుటయు మన తాతలు కథలుగ జెప్పుకొనిరి. ఆ మహాబలుడు 1942లో గతించెను. తన బలమునకు ప్రాణాయామము మూలమని ఆయన చెప్పుచుండెడివాడు. అయినను ప్రజలు గ్రహించినదేమి? ఏనుగును జూచిరి, ఊపిరిని మఱచిరి.

ఈ ప్రదర్శనవ్యామోహము మన కొక పాత జాడ్యము. గుండెను నిలుపగలమని చెప్పిన యోగులను వెంగర్, బాగ్చి, ఆనంద్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు యంత్రములతో పరీక్షించి, 1961లో ఫలితములను ప్రకటించిరి. మణికట్టు నాడి మాయమైనమాట నిజము; చెవికి గుండెచప్పుడు వినరానిమాటయు నిజము. కాని విద్యుత్ లేఖనమున గుండె కొట్టుకొనుచునే యుండెను. ఊపిరి బిగబట్టి రొమ్మును, పొట్టను గట్టిగ నొక్కిపట్టుటచే గుండెకు మరలివచ్చు రక్తము తగ్గి, నాడి యందకుండెనని వారు తేల్చిరి.

ఇది యోగమునకు అవమానమని కొందఱు నొచ్చుకొందురు. మేమట్లు తలపము. స్వదేశీయమైన విద్యకు పరీక్ష యేల యనువాడు దేశాభిమాని గాడు. ఆ విద్యపై నమ్మకము లేనివాడు. నిజమైన యభిమానమెట్టిదో స్వామి కువలయానంద చూపిరి. 1924లో లోనావ్లాయందు కైవల్యధామమును స్థాపించి, ఆ యేటనే 'యోగమీమాంస' యను పత్రికను వెలువరించి, ఉడ్డియాన, నౌలి క్రియలయందు ఉదరములోని పీడన మెట్లు మాఱునో ఆయన గొలిపించిరి. ఎక్స్ రే చిత్రములు దీయించిరి. బంగారము ఒరగంటికి వెఱవదు గదా!

పరీక్షకు నిలిచిన దేమి యందురా? ఊపిరి లోనికి బీల్చునపుడు నాడి కొంచెము త్వరపడును, విడుచునపుడు మందగించును. మణికట్టుపై వ్రేలుంచి యెవరైనను చూచుకొనవచ్చును. విశ్రాంతిగ నున్నప్పుడు మనము నిమిషమునకు సుమారు 12 మొదలు 20 పర్యాయములు శ్వాసింతుము. 2001లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డియు, ఆయన సహచరులును 23 మందిని పరీక్షించిరి. క్రైస్తవ జపమాల ప్రార్థన జేసినను, యోగమంత్రమును జపించినను శ్వాస నిమిషమునకు సుమారు 6కు దిగెను; రక్తపుపోటును సరిదిద్దెడు సహజశక్తి చుఱుకయ్యెను. మంత్రము లేమతమునకు జెందినవైనను ఊపిరికి ఫల మొక్కటియే!

2017లో అమెరికా దేశపు వైద్యసంఘమొకటి దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకంటె ముందుగ ప్రయత్నింపదగినవానిలో యోగమును, చీనాదేశపు తాయిచీ యభ్యాసమును జేర్చెను. వృద్ధులు కాలు తడబడి పడిపోకుండ తాయిచీ తోడ్పడునని పరిశోధనలు చూపినవి. చూచితిరా, ఇవి యేనుగులను మోయు ఘనకార్యములు గావు. కాని నడుము వంగని తండ్రికి, నిద్రపట్టని తల్లికి ఇవియే ఘనకార్యములు.

ఇక హద్దులను గూర్చి. శీర్షాసనమున కంటిలోని పీడనము సుమారు రెండింతలగునని చెన్నపురి నేత్రవైద్యులు 2006లో ప్రకటించిరి. నీటికాసుల రోగికి అది తగదు. వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమ వయోజనులకు వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పెను. మెల్లని యాసనములు మాత్రమే దానికి చాలవు, నడకయు వలయును. అన్నిటికంటె ముఖ్యమైనది వినుడు. మధుమేహమునకు, రక్తపుపోటునకు యోగము తోడు మాత్రమే. ఔషధమునకు బదులు గాదు. ఇన్సులిను మానుమని బోధించువా డెంతటి వేషధారియైనను గురువు గాడు. పరుల ప్రాణములతో జూదమాడువాడు. అట్టివాని మాట నమ్మి యొక గృహస్థు మందు మానిన, నష్టపోవునది ఆ గురువు గాదు, ఆ యింటి బిడ్డలు. విద్యకు గూడ నపకీర్తి వాటిల్లును.

మనస్సు నిలువని యాసనమును వేమన యోగి యేనాడో పరిహసించెను. మనస్సు నిలుచుటకు జనసమ్మర్దముతో బనిలేదు. అనుదిన నియమముతో బని. ఈ పఠనమందిరపు వసారా ప్రతియుదయము పత్రికలు వచ్చువఱకు ఖాళీగనే యుండును గదా. అచట నరగంటసేపు పదిమంది చేరుడు. చాప తప్ప వేఱు ఖర్చు లేదు. నెల కొకసారి వైద్యుని బిలిచి రక్తపుపోటు గొలిపించి, పుస్తకమున వ్రాయించుడు. పగలు బండిలాగువానికి, మిషనుకుట్టువానికి అనువగు వేళను గూడ నేర్పఱచుడు. స్త్రీలకు స్త్రీలే నేర్పు ఏర్పాటు గావింపుడు. ఆఱునెలలు గడచిన పిమ్మట ఆ పుస్తకమును విప్పి చూడుడు. మేలు జరిగినచో అది చెప్పును. జరుగకున్నను అదియే చెప్పును. మైదానమున జరుగు వేయి ప్రదర్శనములకంటె నొక్క వసారాలో నిలిచిన యీ నియమము మన యూరికి ఎక్కువ మేలుచేయునని మా విశ్వాసము.