వేళ్ళు వంగాలంటే

అంతరిక్షయానం అనగానే మన పత్రికల్లో రాకెట్‌కు పేజీలకు పేజీలు దక్కుతాయి. వ్యోమగామి తొడుక్కున్న బట్టకు ఫొటో కింద ఒక వాక్యం దక్కితే గొప్ప. ఈ అధ్యక్షోపన్యాసం ఆ బట్ట గురించే.

1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ వోస్ఖోద్-2 నౌక నుంచి శూన్యంలోకి వచ్చారు. మానవ చరిత్రలో అదే తొలి స్పేస్‌వాక్. దాదాపు పన్నెండు నిమిషాలు బయట తేలారు. చిక్కంతా తిరుగుదారిలోనే. చుట్టూ గాలి లేదు, సూట్‌లో ఉంది, సూట్ ఉబ్బిపోయింది. వేళ్ళు గ్లవుజుల కొసలకు అందలేదు, పాదాలు బూట్లలో కుదురుకోలేదు. భూమి మీదున్నవాళ్ళ అనుమతికి ఆగకుండా లోపలి గాలిని కొంత వదిలేసి, నియమానికి విరుద్ధంగా తల ముందుపెట్టి నౌకలోకి చేర్చే ఇరుకు గదిలోకి దూరారు.

గాలి కొట్టిన సైకిల్ ట్యూబును వంచి చూసినవారికి ఆయన అవస్థ తెలుస్తుంది. అందుకే సూట్‌లో మామూలు గాలి నింపరు. సముద్రమట్టపు పీడనం కన్నా బాగా తక్కువగా, అచ్చమైన ఆక్సిజన్ నింపుతారు. అయినా పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ ఒత్తిడితో పెనుగులాటే. గంటల తరబడి పనిచేసిన వ్యోమగాముల గోళ్ళు ఊడిన సందర్భాలున్నాయి.

వేడి మరో చిక్కు. 1966 జూన్‌లో జెమిని-9ఎ నౌక నుంచి బయటికొచ్చిన అమెరికన్ వ్యోమగామి యూజీన్ సెర్నన్ చెమటతో తడిసి ముద్దయ్యారు. ముఖకవచం ఆవిరి పట్టి దారి కనబడలేదు. ఒంటి వేడిని మోసుకుపోవడానికి బయట గాలి ఉండదు కదా! లోపల తిప్పే ఆక్సిజన్ ఆ వేడికి చాలలేదు. అపోలో నాటికి సన్నని గొట్టాల్లో నీళ్ళు పారే లోదుస్తులు వచ్చాయి. ఆ నీళ్ళు మోసుకొచ్చిన వేడిని, వీపు మీది సంచిలో మంచు నేరుగా ఆవిరై శూన్యంలోకి తీసుకుపోయేది.

చంద్రుడి మీద నడిచిన ఆ అపోలో సూట్లను తయారుచేసింది ఏ విమానాల కంపెనీయో కాదు. ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ళ లోదుస్తులు అమ్మిన సంస్థలోని ఒక విభాగం! డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో కుట్టుపని తెలిసిన స్త్రీలు మిషన్ల మీద వాటిని పొరపొరగా కుట్టారు. కుట్టు అంగుళంలో అరవై నాలుగో వంతు పక్కకు పోయినా ఒప్పుకునేవారు కాదు. పొరల మధ్య గుండుసూది మిగిలిపోయిందేమోనని ఎక్స్‌రే తీసేవారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రాణం వాళ్ళ దారపు కుట్ల మీద ఆధారపడింది. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

ఆ తర్వాతి సూట్లకూ చిక్కులు తప్పలేదు. మన హైదరాబాద్ మూలాలున్న నాసా వ్యోమగామి రాజా చారి 2022 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేశారు. ఆయన ధరించినది 1983లో తొలిసారి వాడిన నమూనాకు చెందిన సూటే. అదే నెల 23న ఆయనతో బయటికెళ్ళిన వ్యోమగామి మథియాస్ మౌరర్ హెల్మెట్‌లో నీళ్ళు కనిపించాయి. నాసా మామూలు స్పేస్‌వాక్‌లను కొన్ని నెలలు ఆపేసింది.

రాకెట్ల మీద తెలుగులో రాసినవారికి కొదవ లేదు. ఈ సదస్సుకు వచ్చిన యువ రచయితలు డోవర్ కుట్టుగది మీద కూడా ఒక మంచి పుస్తకం రాయాలని కోరుతున్నాం.