కంప్యూటరులోని ధర్మగ్రంథాలయము

ధర్మగ్రంథములను సంపాదించుట యొక పని. సంపాదించినవానిని వలసినప్పుడు చేతి కందునట్లు ఉంచుకొనుట వేరొక పని. ఈ కాలమున మొదటిది మిక్కిలి సులభమైనది. రెండవది నానాటికి దుర్ఘటమగుచున్నది. ఆ రెండవపనిని గూర్చియే నేడు మీతో నాలుగుమాటలు ముచ్చటింపదలచితిని.

నాంపల్లి రైలుస్టేషనునకు దాపున ఒక సందులో చిన్న స్వాధ్యాయ మండలి యొకటి గలదు. నేను ఉద్యోగము చాలించుకొన్న పిమ్మట ఆ మండలివారు తమ గ్రంథాలయమును చక్కబరుపుమని నన్ను కోరిరి. గ్రంథాలయమనగానే గోడలనిండ బీరువాలు మీ కన్నులకు గట్టవచ్చును. ఇది యట్టిది కాదు. తమలపాకుల పెట్టెయంతటి డిస్కు ఒకటి. దానిని కంప్యూటరునకు తగిలించినచో పదునెనిమిదివేలకు పైబడిన పుస్తకములు తెరమీద కానవచ్చును. పురాణములు, భాష్యములు, స్తోత్రములు, వ్రతకల్పములు, స్థలమాహాత్మ్యములు, ఇతర మతముల గ్రంథములకు తెలుగు అనువాదములు, అన్నియు అందే యున్నవి. ఏది యెచ్చట నున్నదో మాత్రము ఎవ్వరికిని తెలియదు.

ఇన్ని పుస్తకము లెట్లు చేరినవో తెలియవలెనన్న ముందు ఆబిడ్సునకు పోవలెను. ఆరవ నిజాము మహబూబు అలీఖానుగారి కొలువులో నుండిన ఆబిదు అను అర్మీనియా దేశస్థుడు అచ్చట దుకాణము పెట్టినందున ఆ పేటకు ఆ పేరు కలిగినది. ఆదివారమునాడు పెద్ద దుకాణములు మూసియుండగా వాని ముందరి కాలిబాటలమీద పాతపుస్తకముల అంగడి సాగును. ఇంజనీరింగు పుస్తకముల ప్రక్కన గీతా తాత్పర్యము, దానిప్రక్కన బైబిలు, ఆ ప్రక్కన ఉర్దూలో ఖురాను వ్యాఖ్య పరచియుండును. ఇంటిపెద్ద గతించినపిమ్మట ఆయన పుస్తకములు తూకమునకు పోవుటయు, అందు కొన్ని ఈ కాలిబాటకు చేరుటయు మామూలే. లోపలి పుటలో సిరాతో వ్రాసిన పేరు చూచినప్పుడు, ఏ యూరి పెద్దమనిషి ఎంతటి భక్తితో కొనుక్కొన్న పుస్తకమో గదా యని మనస్సు కలుక్కుమనును. మండలివారు ఇరువదియేండ్లుగా అట్టివానిని కొని, నాంపల్లికి తెచ్చి, స్కానరుపై పుటపుటకు బొమ్మ తీయించి దాచుచు వచ్చిరి.

ఇది పిల్లకాలువ వంటిది. అసలు వరద వేరొకచోటనుండి వచ్చినది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి అమెరికాలో ఆచార్యపదవి నందిన రాజ్ రెడ్డిగారు, ప్రపంచమునందలి గ్రంథములలో పది లక్షలనైన కంప్యూటరులోని కెక్కింపవలెనని సంకల్పించిరి. ఆ సంకల్పములో భాగముగా మనదేశమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. హైదరాబాదునను, తిరుపతిలోను, ఇతర స్థలములలోను వేలకొలది తెలుగు గ్రంథములను స్కాను చేసిరి. తరువాత కొన్నేండ్లకు ఆ మూలస్థానము సేవ నిలిపివేసినది. అయినను వానిలో పెక్కు ప్రతులు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవు వారిచోట నేటికిని లభించుచున్నవి. మండలిలోని యువకులు దొరకినదెల్ల దించుకొనిరి. దించుకొనుటకు నిమిషము చాలును, చదువుటకు మాసము పట్టును. ఆ లెక్క సరిపడనందుననే గాదె నిండినది, గింజ చేతికి రాకున్నది.

నేనీపని చేపట్టుటకు ముందు జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మెదకు ప్రాంతమునుండి వృద్ధులొకరు మండలికి వచ్చిరి. వారి యూరి దేవాలయమున భాగవత సప్తాహము తలపెట్టిరి. పోతనగారి భాగవతములో పంచమస్కంధమునకు టీకాతాత్పర్యములు గల ప్రతి కావలెనని అడిగిరి. పోతన యను పేరుతో వెదకినారు. ఆ స్కంధము దొరకలేదు. ఆయన రెండుదినము లుండి, ఉత్తచేతులతో తిరిగిపోయిరి. ఆ యూర టీక లేకయే సప్తాహము జరిగినది. పుస్తకము డిస్కులోనే యున్నది! పంచమస్కంధమును రచించినవాడు గంగన గనుక, ఎవరో తెలిసినవారే దానిని గంగన పేరుతో నమోదు చేసియుండిరి. షష్ఠస్కంధము సింగనది, కడపటి రెండు స్కంధములు నారయవి. పండితునకు ఆ నమోదు న్యాయమే. సప్తాహమునకు పుస్తకము కోరివచ్చినవారికి మాత్రము అది తలుపు మూసినట్లయ్యెను. కావున గ్రంథకర్త పేరు ఒకటియు, లోకులు పిలుచుకొను పేరు వేరొకటియు ఉన్నయెడల రెండును వ్రాయవలెనని నేను మొదటి నియమముగా పెట్టితిని.

మన ధర్మగ్రంథములకు మరియొక చిక్కు గలదు. అకారాది క్రమమున పేర్చినచో సగము పుస్తకములు 'శ్రీ' అను అక్షరముక్రిందనే గుమిగూడును. శ్రీ, శ్రీమత్, శ్రీమద్, శ్రీశ్రీశ్రీ యని గౌరవవాచకములు ముందుండుటచేత భగవద్గీతయు, భాగవతమును, భద్రాద్రి మాహాత్మ్యమును ఒకేచోట కలిసిపోవును. గౌరవము ముఖపత్రముమీద నుండనిండు, పట్టికలో మాత్రము దానిని వెనుకకు జరుపవలెను. ఇట్లు చేయుట భక్తిలోపమని మండలిలో నొకరిద్దరు గొణిగిరి కాని, వెదకిన పుస్తకము వెంటనే దొరకగా ఊరకుండిరి.

పేర్లు ఇంగ్లీషు అక్షరములలో నుండుట ఇంకను పెద్దచిక్కు. ఆ లిపిలో మన త-థ, ద-ధ, న-ణ భేదములు నిలువవు. గీత యను రెండక్షరములనే ఒకడు ఒకరీతి, వేరొకడు ఇంకొకరీతి వ్రాయును. అందుచేత ఒక్క గ్రంథమే మూడుచోట్ల మూడుపేర్లతో పడియుండును. అచ్చమైన తెలుగులిపిలో పేరు మరల వ్రాయుటకంటె దీనికి మందు లేదు. పదునెనిమిదివేల పేర్లా యని మీరు వెరవవలదు. దినమునకు ఇరువది చొప్పున వ్రాసినచో రెండున్నర సంవత్సరములలో ముగియును. నేను వ్రాయుచునే యున్నాను.

పేరు మారినను పుస్తకము తప్పిపోకుండుటకు ప్రతిదానికి ఒక క్రమసంఖ్య నిచ్చితిని. పహాణీలో పట్టాదారు మారినను సర్వే నంబరు మారదు గదా, అట్టిదే యిది. పుస్తకము ఏ యింటనుండి వచ్చినది, ఏ అచ్చుకూటము, ఎన్నవ కూర్పు, పుటలెన్ని, ఎవరి వ్యాఖ్య యని ఆ సంఖ్య కెదురుగ వ్రాసితిని. వ్యాఖ్యాత పేరు వదలరాదు. గీత యనిన చాలదు. శంకరభాష్యము ననుసరించినదా, రామానుజభాష్యమా, మధ్వభాష్యమా యని తెలియవలెను. ఒకరు కోరినదానికి మారుగా మరియొకటి యిచ్చినచో ఇచ్చినవాని అజ్ఞానము బయటపడుటయేగాక, చదువువానికి అనవసరమైన తికమక కలుగును.

ముద్రణకాలము తెలిసికొనుటలో పల్లెటూరి పెద్దలు మా కంప్యూటరుకంటె నేర్పరులు. పాతపుస్తకములపై క్రీస్తుశకము లేక, రుధిరోద్గారి నామ సంవత్సరమని మాత్రమే యుండును. అది 1863-64 కావచ్చును, 1923-24 కావచ్చును, 1983-84 కూడ కావచ్చును. అరువదియేండ్ల కొకమారు తిరిగివచ్చు పేరును యంత్రమెట్లు తేల్చగలదు? కాగితము, అక్షరముల పోత, వెల అణాలలోనున్నదా పైసలలోనున్నదా అనునది చూచి మీవంటి పెద్దలు క్షణములో చెప్పుదురు.

ఇక నన్ను మిక్కిలి కలవరపెట్టిన విషయమునకు వచ్చెదను. ఒకే పుస్తకమునకు రెండుమూడు ప్రతులున్నప్పుడు ఒకటి యుంచి తక్కినవి తుడిచివేయుట లోకాచారము. ఒక యువకుడు ఉత్సాహముతో పట్టిక సిద్ధముచేసెను. పేరును పుటలసంఖ్యయు కలిసిన జంటలలో, పెద్ద ఫైలును ఉంచి చిన్నదానిని తీసివేయవలెనని అతని సూత్రము. పెద్దదానియందు బొమ్మ స్పష్టముగా నుండుననుట నిజమే. అందొక స్థలమాహాత్మ్యము జంట యుండెను. దాని కాగితపు ప్రతి ఒక పల్లెలో అటకమీద చెదలు తినిపోయిన సంగతి నాకు తెలియును. అందుచేత రెంటిని ఎదురెదురుగ పెట్టి, ఆకు ఆకుకు చూచితిని. స్పష్టమైన పెద్దప్రతిలో 112వ పుట పిమ్మట 129వ పుట యున్నది! పదునారు పుటలు, అనగా సరిగా ఒక ఫారము, కుట్టులో ఊడిపోయినది. ఆ చోట తెల్లకాగితములు చొనిపి బైండు చేయించుటచేత లెక్కకు పుటలు సరిపోయినవి. మసకగానున్న చిన్నప్రతిలో ఆ పదునారు పుటలును ఉన్నవి. కాని మొదటి పత్రమును, చివరి రెండు పుటలును లేవు. రెంటిని కలిపితేనే గ్రంథము పూర్తియైనది. ఆనాడు ఆ సూత్రము నడిచియున్నచో ఒక క్షేత్రముయొక్క కథలో నడుమ భాగము మనకు శాశ్వతముగా లేకపోయెడిది.

ఈ బుద్ధి నూతనమైనది కాదు. సి. పి. బ్రౌను దొరగారు కడపలో పండితులను జీతములిచ్చి నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు దొరకిన తాళపత్ర ప్రతులన్నిటిని పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఒక ప్రతి యున్నది గదా యని రెండవదానిని పొయ్యిలో పెట్టలేదు. పరదేశీయుడు రెండువందల యేండ్లకు ముందు మన తాటాకులకు చేసిన మర్యాదను మనము మన ఫైళ్లకు చేయలేమా?

అట్లని దేనిని తీయరాదని నా వాదము కాదు. అక్షరాల ఒకటియేయైన ఫైళ్లు నాలుగువేల వరకు తేలినవి. యంత్రమే వానిని సరిపోల్చి చెప్పగలదు, సంశయము లేకుండ తీసివేసితిని. తెరచుటకు రాని ఫైళ్లును పోయినవి. ఇంకను గ్రంథస్వామ్యము సంగతి యున్నది. మనదేశపు చట్టము ప్రకారము గ్రంథకర్త గతించిన సంవత్సరము తరువాత అరువదియేండ్లవరకు హక్కు ఆయన వారసులది. అట్టి గ్రంథములు కొన్ని డిస్కులో చేరియుండెను. వానిని పంచిపెట్టుట మానితిమి. ధర్మగ్రంథమును అధర్మముగా పంచుట నాకు రుచింపదు.

లోపలి మాటను వెదకుట గూర్చి యువకులు చాల ఆశలు చెప్పుదురు. పుటబొమ్మను యంత్రము చదివి అక్షరములుగా మార్చును, అప్పుడు ఏ పదమైనను దొరకునని వారి మాట. క్రొత్త అచ్చులకు ఇది కొంతవరకు నిజము. పాత అచ్చులలో ప-వ-ష, ఘ-ఝ, మ-య వంటివి యంత్రమునకు తికమక పెట్టును. వత్తులు చెదరును, అరసున్న నిండుసున్న యగును. కావున దానిని నమ్మి పట్టిక వ్రాయుట మానరాదు.

గ్రంథాలయశాస్త్రమునకు మనదేశమున ఆచార్యులైన రంగనాథన్‌గారు 1931లోనే గ్రంథాలయము పెరుగు స్వభావము గలదనియు, చదువరి కాలము వ్యర్థము కారాదనియు సూత్రీకరించిరి. పెరుగుట మనవారికి చక్కగా అబ్బినది. కాలము సంగతియే మరచితిమి. ఆబిడ్సునకు చేరువనే సుల్తానుబజారులో 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమువంటి సంస్థలను నడపిన పెద్దలకు పుస్తకములు తక్కువ, చదువరులు ఎక్కువ. మాకు అంతయు తలక్రిందు.

డిస్కు ఒకటియే యున్నచో అది ఒక్క పిడుగునకు, ఒక్క పతనమునకు సరి. కావున మూడు ప్రతులు చేయించితిని. ఒకటి నాంపల్లి గదిలో, రెండవది నగరమున వేరొక యింట, మూడవది సప్తాహమునకు పుస్తకము దొరకక తిరిగిపోయిన ఆ మెదకు వృద్ధుల యూరి పాఠశాలలో ఉంచబడినవి. సంవత్సరమునకొకమారు ఉగాదికి మూడింటిని తెరచి చూచుకొనుట ఏర్పాటు. మూడవదానితోడ కాగితముమీద అచ్చువేయించిన పట్టికయు పంపితిమి. కరెంటు లేనప్పుడైనను ఏమేమున్నవో చూచుకొనవచ్చును. పంచమస్కంధమునకు ఎదురుగ పోతన పేరును, గంగన పేరును రెండును ఉన్నవి.

ఆర్యులారా, మీ యిండ్ల అటకలమీదను, భోషాణములలోను ఇంకను పుస్తకములు గలవని నేనెరుగుదును. వానిని తూకమునకు వేయుటకు ముందు ఒక పూట వెచ్చించి, ఒక్కొక్కదానికి ఒక చీటి వ్రాయుడు: పేరు, వ్రాసినవారు, వ్యాఖ్యాత, అచ్చుకూటము, సంవత్సరము, పుటలు, లేని పుటలు. లెక్కించునప్పుడు చివరి అంకెను మాత్రము చూడక నడుమ ఆకులను కూడ తిరుగవేయుడు. అట్టలేని పుస్తకమని, మొదటి ఆకు చిరిగినదని దేనిని త్రోసివేయవలదు. నడుమ పుటల తలకట్టుమీద గ్రంథనామము తరచుగా అచ్చయియుండును. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరు తానే చెప్పుకొనియుండును. అది చూచి చీటి వ్రాసిన చాలును, తక్కిన పని మేము చేసికొందుము.