సిపాయి కాగితం, భూమి కాగితం
(వాడ యువజనుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ముత్తాత ఎవరని అడిగితే కరణం మనవడు ఏడు తరాలు అప్పజెప్తాడు. మనం తాత పేరు దగ్గరే ఆగిపోతాం. మనకు ముత్తాతలు లేకనా? కాదు. రాసేవాడు మనవాడు కాదు గనుక. ఇదే కష్టం పడ్డ అమెరికా నల్లవాళ్ల సంగతి ఈ పూట చెప్పుకుందాం. అక్కడ బానిసల విడుదలకు పాటుపడ్డ ప్రజలకే జ్యోతిబా ఫూలే 1873లో తన 'గులాంగిరీ'ని అంకితమిచ్చాడు. కాబట్టి ఈ చుట్టరికం మనం కొత్తగా కలుపుకున్నది కాదు.

రాబర్ట్ బాల్ ఆండర్సన్ 1843లో కెంటకీ రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. బాల్ అన్నది యజమాని ఇంటిపేరు. ఈయన చిన్నప్పుడే తల్లిని దూరాన లూసియానాకు అమ్మేశారు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు వేరే పట్టీ ఉంది. అందులో యజమాని పేరు ఉంటది, దాని కింద బానిస వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరు మాత్రం ఉండదు. మన దొరల ఇండ్లల్లో గొడ్ల లెక్క ఇట్లాగే రాసేవారు. విడుదలైన వాళ్లందరి పేర్లూ లెక్కకెక్కింది 1870లోనే. వెతుక్కుంటూ వెనక్కి పోయే మనవలకు అక్కడ గోడ అడ్డమొస్తుంది.

ఆ గోడకు కన్నం వేసింది సిపాయి కాగితం. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో సుమారు 1,79,000 మంది నల్ల సిపాయిలు పనిచేశారు. లింకన్ 1863లో చేసిన విముక్తి ప్రకటన కెంటకీకి వర్తించలేదు. అక్కడ బానిస బయటపడాలంటే సైన్యంలో చేరడం ఒక దారి. ఆండర్సన్ పారిపోయి చేరాడు, 125వ నల్లజాతి పదాతి దళంలో. మొదట్లో తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, నల్ల సిపాయికి 10, అందులోనూ 3 బట్టలకని కోత. తుపాకి గుండుకు మాత్రం ఈ తేడా లేదు! కొట్లాడి కొట్లాడి 1864లో సమాన జీతం సాధించుకున్నారు.

యుద్ధం తర్వాత పెన్షన్ కావాలంటే సర్కారు రుజువులు అడిగేది. ఎక్కడ పుట్టావు? నీ యజమాని ఎవరు? జబ్బు ఎప్పుడు పట్టుకుంది? నువ్వు ఆయన పెళ్లానివేనా? బానిసల పెళ్లికి కాగితమేది! సిపాయి చనిపోతే ఆయన భార్య, ఒకే తోటలో చాకిరీ చేసిన ముసలమ్మలను, ఒకే దళంలో ఉన్న సిపాయిలను సాక్ష్యానికి తెచ్చుకునేది. వాళ్లు నోటితో చెప్పింది గుమాస్తా రాసుకున్నాడు. సర్కారు అనుమానపడి అడిగిన ప్రశ్నలే ఇవాళ మనవలకు ఆస్తి అయ్యాయి. ఇక్కడొక చిక్కుంది. చాలామంది యజమాని ఇంటిపేరుతో సైన్యంలో చేరి, తర్వాత వేరే పేరు పెట్టుకున్నారు. రెండు పేర్లతోనూ వెతకాలి.

రెండోది భూమి కాగితం. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల దాకా తీసుకుని ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే పట్టా ఇచ్చేవారు. 1872 నుంచి సిపాయి నౌకరీ కాలాన్ని ఆ ఐదేళ్లలో తగ్గించారు. ఇల్లెంత, దున్నిందెంత, పొరుగువాడి సాక్ష్యమేమిటి, అన్నీ ఆ ఫైళ్లలో ఉంటాయి. ఆండర్సన్ 1870లో నెబ్రాస్కాలో 80 ఎకరాలు పట్టాడు. మిడతలు, కరువు, అప్పు. 1881 నాటికి ఆ భూమి పోయింది. కూలికి పోయి నాలుగు డబ్బులు వెనకేసుకుని 1884లో నెబ్రాస్కా పడమటి కొసకు వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. 1918కల్లా 2,080 ఎకరాల ఆసామి అయ్యాడు.

చప్పట్లు కొట్టే ముందు ఒక్క మాట. ఆ నేల ఖాళీది కాదు. లకోటా వంటి ఆదివాసీల దగ్గర లాక్కున్నది. అటు దక్షిణాదిలో, 1865 జనవరిలో షెర్మన్ సేనాని విడుదలైన బానిసల కుటుంబాలకు 40 ఎకరాల దాకా కేటాయిస్తే, అదే ఏడాది ప్రెసిడెంటు జాన్సన్ ఆ భూమిని పాత యజమానులకే తిరిగి అప్పగించాడు. తమ చెమట పట్టిన నేల దక్కనివ్వకుండా, ఇంకొకరి నేల చూపించారన్నమాట. తాతల్ని వెతికితే ఇదీ బయటపడుతుంది, దాచొద్దు. మన దగ్గర కోరేగాం స్తంభం మీద 1818లో చనిపోయిన మహర్ సిపాయిల పేర్లున్నాయి. వాళ్లు కొట్లాడింది కంపెనీ కోసమే. అయినా రాయి మీద పేరుంది గనుకనే 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి పోయి ఆ పేర్లు జనానికి గుర్తుచేయగలిగాడు.

ఆండర్సన్ జీవితకథ 1927లో అచ్చయింది. ముసలాయన చెప్తుంటే భార్య డెయిజీ రాసిపెట్టింది. ఆయన 1930లో పోయాడు, ఆమె 1998 దాకా బతికింది.

మన వాడల్లో చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. రాయగలిగిన పిల్లలూ ఉన్నారు. ట్రంకుపెట్టె అడుగున పడేసిన డి-ఫారం పట్టాలు, మిలట్రీ పెన్షన్ పుస్తకాలు, పాత శిస్తు రసీదులు బయటికి తీయండి. తెలంగాణ వాళ్లు 1954-55 ఖాస్రా పహాణీ నకలుకు, కోస్తా వాళ్లు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలుకు తాసిల్దారు కచేరీలో దరఖాస్తు పెట్టండి. చేజారిన భూమి అడగాలన్నా మొదట ఎవరి పేరన ఉందో చూపించాలి గదా. చదవరాని కాగితాలుంటే ఆదివారం పూట బడికి తెండి. మేం నలుగురం పంతుళ్లం అక్కడే ఉంటాం.