వేలిముద్ర పడని చేతులు

(హిందూపురంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెక్నాలజీ, స్త్రీలు అనే విషయం మీద మాట్లాడమన్నారు. విషయం పెద్దది. నేను చిన్నచోట మొదలుపెడతాను. స్టోరులో డీలరు మన ముందుకు జరిపే యంత్రం మీద గోరంత అద్దం ఉంటుంది కదా, వేలు పెట్టేది, దాని గురించి.

నా సెల్‌ఫోనుకూ అలాంటిదే ఉంది. వంటింట్లో చేయి తడిగా ఉంటే అది నన్ను గుర్తుపట్టదు. విసుక్కుని అంకెలు నొక్కి తెరుచుకుంటాను, అంతటితో సరి. డబ్బు పెట్టి కొనే మనిషిని కాబట్టి కంపెనీ నాకోసం ఇంకో దారి ఉంచింది. స్టోరు ముందు నిలబడిన మనిషికి ఆ మర్యాద లేదు.

ఈ ఊళ్లో పట్టు రీలింగు చేసే ఒకామె నాతో అన్నది: "ఏలు పడల్లేదు మేడం, రేపు రాపో అన్నాడు. రేపు పోతే ఆ పొద్దు కూలి పాయె." ఆమె పని ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పట్టుగూళ్లను మరిగే నీళ్లలో ఉడకబెట్టి, ఆ వేడినీళ్లలోనే వేళ్లతో పోగు కొసలు వెతికి పట్టుకోవాలి. రోజంతా నీళ్లలో నానిన చర్మం తెల్లబడి, పొరలు పొరలుగా లేస్తుంది. అద్దం వెతికేది చర్మం మీది సన్నగీతలను. అవి గూళ్ల నీళ్లలో పోయాయి.

ధర్మవరంలో అచ్చు అతికే ఆడవాళ్లను చూడండి. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే, బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెట్టి కలపాలి. ఒక్క చీరకే వేల పోగులు. పెనుకొండ పల్లెల్లో విత్తనానికి శనక్కాయలు వలిచేదీ ఆ రెండు వేళ్లతోనే. యంత్రం దగ్గర ముందుగా పెట్టమనేదీ ఆ వేళ్లనే! పనిచేయని చేతిని మనసులో పెట్టుకుని తయారుచేసిన వస్తువు ఇది. తయారుచేసినవాళ్లకు చెడుబుద్ధి ఉందని నేననను. గూళ్లు ఉడికే గదిలోకి వాళ్లెప్పుడూ రాలేదు, అంతే.

మన రాష్ట్రంలో స్టోర్లకు ఈ-పాస్ యంత్రాలు 2015లో రావడం మొదలైంది. 2021 నుంచి 2025 మే దాకా బియ్యం బండి ఇంటిముందుకే వచ్చినా, వేలు అడగడం మానలేదు. ముద్ర సరిపోలకపోతే ఆధార్ వ్యవస్థ ఇచ్చే సంకేతం 300. ఆ అంకెకు అర్థం ఆమెకు ఎవరు చెప్పాలి? డీలరు "నీ వేలు పడలేదమ్మా" అంటాడు. ఆ మాటను గమనించండి. యంత్రం చదవలేకపోయింది అనడు. తప్పు వేలిది అయిపోయింది, ఆమె సిగ్గుపడుతూ చేతిని కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది.

నాకు ఇంకో బాధ కూడా ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రిళ్లు దీపం పెట్టుకుని సంతకం నేర్చుకున్నారు. నెల్లూరు జిల్లాలో ఆ చదువుల్లోంచే సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. నిశానీ వేయడం నామోషీ అని చెప్పినవాళ్లలో మనమూ ఉన్నాం. కష్టపడి నేర్చుకున్న ఆ సంతకం ఇవాళ స్టోరులో చెల్లదు, మళ్లీ వేలే కావాలి.

వేరే దారులు లేవా అంటారు. ఉన్నాయి. పది వేళ్లలో ఏదైనా పెట్టవచ్చు. కంటిపాపతో చూడవచ్చు, ఆ యంత్రం ఉంటే. ఫోనుకు అంకె వస్తుంది, కానీ ఆ ఫోను బెంగళూరులో పనికి పోయిన కొడుకు జేబులో ఉంటుంది. ఇంట్లో ఫోను ఎవరి పేరున ఉందన్నది ఇంకో పూట మాట్లాడుకోవలసిన సంగతి. రీలింగు చేసే ఆమె తనకు తానే ఒక దారి కనుక్కుంది. ఎడమచేతి చిటికెనవేలికి ముద్ర పడుతుందని తెలిశాక, నెల మొదట్లో ఆ వేలిని నీళ్లకు తగలనివ్వకుండా పనిచేస్తోంది. అందువల్ల పని నిదానమై, కూలి తగ్గింది.

యంత్రం మొరాయించినా, ముద్ర సరిపోలకపోయినా బియ్యం ఆపకూడదనీ, రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలనీ 2017 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. ఆహార భద్రతా చట్టం 2013 నుంచీ ఉంది. ఆ రిజిస్టరు మీ స్టోరులో ఎప్పుడైనా చూశారా?

ఇక నేను ఆపుతాను. మీలో ఎవరిని ఎన్నిసార్లు తిప్పి పంపారో, ఏ వేలు పెట్టమన్నారో, ఏ తేదీనో చెప్పండి. ఆ చివరనున్న అక్కతో మొదలుపెడదాం, నేను రాసుకుంటాను.