తపాలా ముద్రలో దేవాలయము

తపాలా బిళ్లలు సేకరించువారిని శ్రోతలెల్లరు ఎరుగుదురు. బిళ్లకంటె దానిమీద పడిన నల్లని ముద్రనే ఎక్కువగా ప్రేమించువారును కొందరున్నారు. అట్టివారిలో మేమును ఒకరము.

బిళ్లను మరల ఎవరును వాడకుండ రద్దుచేయుటయే ముద్ర చేయు పని. ఊరిపేరును, తేదియు అందుండును. మన దేశమున యాత్రాస్థలములందును, చారిత్రక స్థలములందును గల కొన్ని తపాలా కార్యాలయములలో వీనితోపాటు ఆ ఊరి విశేషమును బొమ్మగా చూపు శాశ్వత చిత్రముద్రలు కలవు. ప్రదర్శనలకును, ఉత్సవములకును వేయు ప్రత్యేక ముద్రలు ఆ దినముతో సరి. ఇవి ఏ పనిదినమునందైనను లభించును.

దేవాలయములు గల చిత్రముద్రలనే మేము చేర్చుచున్నాము. అంగుళమో, అంగుళమున్నరయో గల వలయమున ఒక మహాలయమును ఇముడ్చుట ఎట్లు? కోణార్కమున 13వ శతాబ్దపు సూర్యదేవాలయమునకు 24 చక్రములు కలవు. మధుర మీనాక్షీ ఆలయ గోపురములపై బొమ్మలు లెక్కకు మిక్కిలి. అవి యన్నియు ముద్రలో పట్టవు. మహాబలిపురపు తీరాలయమునకు రెండు శిఖరముల రేఖలే చాలును. గుడిని గుర్తుపట్టుటకు ఎన్ని గీతలు కావలయునో ఈ ముద్రలు మాకు నేర్పినవి.

ముద్రను పొందుట కష్టము కాదు. కవరుపై బిళ్ల నంటించి కౌంటరువద్ద అడుగవలెను. ముద్ర కొంత బిళ్లపైనను, మిగిలినది తెల్లని కాగితముపైనను పడునట్లు వేయుమని మర్యాదగా కోరినచో బొమ్మ స్పష్టముగా నుండును. ముదురురంగు బిళ్లపై మసి కానరాదు. వెళ్లలేనివారు తమ చిరునామా వ్రాసి, బిళ్ల నంటించిన కవరును మరియొక కవరులో నుంచి, ఆ ఊరి పోస్టుమాస్టరుగారికి ఒక విన్నపముతో పంపవచ్చును.

వచ్చిన దానిని కత్తిరింపరాదు, జిగురుతో నంటింపరాదు. ఈ మాట మేము అనుభవముతో చెప్పుచున్నాము.

మా చిన్ననాట అమ్మ మధురకు యాత్రపోయి, మా కోరికపై అచటి చిత్రముద్ర వేయించి ఒక కార్డు వ్రాసినది. కార్డు అందిన దినముననే మేము ముద్రవరకు చక్కగా కత్తిరించి పుస్తకమున నంటించి, మిగిలినది పారవైచితిమి. అమ్మ ఏమియు అనలేదు. ఆమె గతించిన చాలకాలమునకు ఆ తునకను పుస్తకమునుండి నీటితో మెల్లగా ఊడదీసి వెనుకకు త్రిప్పి చూచితిమి. “క్షేమముగా” అను మాటలో ముందరి సగము మాత్రము మిగిలియున్నది. ఏమి మ్రొక్కినదో, ఎవరెవరిని అడిగినదో, ఎన్నడు తిరిగివత్తునన్నదో, ఏమియు లేదు. గోపురము మాత్రము చెక్కుచెదరక ఉన్నది.

నేడు ఇంటికి ఉత్తరము వ్రాయు యాత్రికులు అరుదు. ఈసారి క్షేత్రమునకు పోవువారు ఒక కార్డు కొని, నాలుగు మాటలు వ్రాసి, ముద్ర వేయించి ఇంటికి పంపుదురు గాక. అందుకొన్నవారు కార్డును కార్డుగానే దాచుకొందురు గాక.