మా యింటి మీగడవన్నె గోడ



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో వేర్వేరు జిల్లాలైనను, పండుగకు ముందు గోడకు సున్నము, అరుగునకు జాజు పూయుట మన యందఱి వాడుక. నేనును ఒక సంక్రాంతికి మా పాత మట్టియింటికి నీలిమందు కలిపిన తెల్లని సున్నము వేయించితిని. ఎండ గోడమీద పడగానే మా తల్లిగారు కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, "కొడుకా, ఈ తెలుపు నేను చూడలేను" అనిరి. నాటినుండి అరుగుపై కూర్చుండుట మానిరి.

మరుసటి యేట మీగడవన్నె వేయ నిశ్చయించితిని. అంగడివారు ప్లాస్టిక్ రంగు చూపిరి. మట్టిగోడలోని తేమ ఆ పొరను దాటి రాలేక గోడను చెఱచును; సున్నపుపూత తేమను పోనిచ్చును. కావున సున్నమునందే పసుపుపచ్చని మట్టిరంగు కొంచెముగా కలిపితిని. వంటపసుపు కలుపరాదు, సున్నము తగిలిన నది ఎఱ్ఱనగునని పారాణి కలుపు స్త్రీలందఱు నెఱుగుదురు.

తడిసున్నము ఆరిన పిమ్మట మిక్కిలి తెల్లబడును. కనుక ముందుగా రంగు హెచ్చుతగ్గులుగా మూడు విధముల కలిపి, గోడపై జానెడేసి మేర పూసి, ఆరనిచ్చి, పగటియెండలోను రాత్రి దీపపు వెలుగునను చూడవలెను. ఒకటి నచ్చిన పిమ్మట ఇల్లంతటికిని ఒక్కమారే కలుపవలెను. మరల కలిపిన నదే వన్నె వచ్చుట కష్టము. గోడను తడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. రాతిసున్నము నీటిలో వేయగానే కుతకుత ఉడుకును, పిల్లలను దరిచేరనీయకుడు. కంట పడినచో నీటితో చాలసేపు కడిగి వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

మా గోడమీది మూడింటిలో ఒకటి ఏరినది మా తల్లిగారే. ఆ సాయంకాలమే ఆమె మరల అరుగుపై కూర్చుండిరి. మీరును రంగు నిర్ణయించునాడు ఇంటి వృద్ధులను గోడయెదుట కూర్చుండబెట్టి అడుగుడు.